‘రొయ్యలున్నాయా’ అని అడక్కండి

ప్రశ్న: మేడమ్‌గారూ, మాది గాజువాక. నాకు 34 ఏళ్లు. రొయ్యలు పడవు. ఇంటర్‌లో ఉండగా మొదటిసారి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, అప్పట్నుంచీ మానేశాను. చేపలు మాత్రం తింటాను, ఏమీ కాదు. కిందటేడాది మా ఆడపడుచు కొడుకు పెళ్లి రిసెప్షన్‌లో వంజరం వేపుడు రెండు ముక్కలు తిన్నానంతే. పావుగంటలో పెదవులు వాచాయి, గొంతు పట్టేసింది, వాంతయింది. ఆసుపత్రికి తీసుకెళ్లి ఇంజెక్షన్ చేయించారు. రొయ్యలు వేయించిన నూనెలోనే చేప కూడా వేయించారని తర్వాత తెలిసింది. ఇప్పుడు దసరా సెలవులకి మావారు, ఏడేళ్ల బాబు, నేను బ్యాంకాక్, ఫుకెట్ వెళ్తున్నాం. ఆరు రోజులు. మా అత్తయ్య ‘ఏటీ కాదు, రొయ్యలు తీసి పక్కన పెట్టుకుని తిను’ అంటున్నారు. మావారేమో ఆరు రోజులకీ సరిపడా ఉప్మా, పులిహోర ప్యాకెట్లు కొనేశారు. నాకు మాత్రం అక్కడి తిండి రుచి చూడాలనే ఉంది. ఫిష్ సాస్ తినొచ్చా? వెజిటేరియన్ కూర అయితే భయం లేదు కదా? సెట్రిజిన్ పట్టుకెళ్తే చాలా? బాబుకి రొయ్యలంటే ప్రాణం, వాడి సంగతేంటి?

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాటతోనే మొదలుపెడతాను. ఎందుకంటే ఆ మాట మీకు ఆరు రోజులూ ఎవరో ఒకరి నోట వినిపిస్తూనే ఉంటుంది. తీసి పక్కన పెట్టుకుంటే సరిపోదు. రొయ్యలో మనకి పడనిది ముఖ్యంగా ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్. అది ఉడికించినా పోదు, వేయించినా పోదు, ఎండబెట్టినా పోదు. పులుసులోకి, నూనెలోకి దిగిపోతుంది. పెళ్లిలో మీరు తిన్నది చేపే, మిమ్మల్ని ఆసుపత్రికి పంపింది ఆ నూనె. పీతల్లో, లాబ్‌స్టర్లలో కూడా దాదాపు ఇదే ప్రోటీన్ ఉంటుంది కాబట్టి, డాక్టర్ పరీక్ష చేసి చెప్పేదాకా వాటి జోలికీ వెళ్లొద్దు.

నేను డాక్టర్ని కాను. నాకూ రొయ్య పడదు, ఈ జవాబు రాయడానికి అంతే నా అర్హత. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో ఇరవయ్యేళ్లుగా రొయ్య ముట్టకుండా నెట్టుకొస్తున్నాను. బ్యాంకాక్ రెండుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి మీవారి లెక్కలోనే వెళ్లాను. కింద వీధిలోంచి వెల్లుల్లీ తులసాకూ వేగుతున్న వాసన పైదాకా వస్తుంటే, హోటల్ గదిలో కెటిల్ ముందు కూర్చుని కప్పులో ఉప్మా కలుపుకున్నాను. ఆ పని మీరు చెయ్యొద్దు. ప్యాకెట్లు ఉండనివ్వండి, వాటికి వేరే పనుంది, చెప్తాను.

అసలు మన ‘పడదు’ అనే మాటతోనే సగం చిక్కు. వంకాయ పడదంటే దురద, పెరుగు పడదంటే జలుబు, తోడికోడలు పడదంటే అది ఇంకో కథ. అందుకే ‘నాకు రొయ్యలు పడవు’ అంటే వినేవాళ్లకి వేడి చేస్తుంది కాబోలు అనిపిస్తుంది గానీ ప్రాణం మీదికొస్తుందని తట్టదు. థాయి వాళ్ల మాట నాకు నచ్చింది. ప, ఫ మధ్య ఎక్కడో పలికే ‘పే’. ఓడిపోవడానికీ వాళ్లకి అదే మాట. ‘పే కుంగ్’ అంటే రొయ్య పడదు అనే అర్థం, మాటకి మాట చూస్తే రొయ్య చేతిలో ఓడిపోయాను అన్నట్టు. మన పరిస్థితి అచ్చం అదే కదా.

ఇక అసలు సంగతికి వద్దాం. అక్కడ మీకు ముప్పు పళ్లెంలో ఎర్రగా ముడుచుకుని కనిపించే రొయ్య కాదు. దాన్ని చూస్తారు, జరిగిపోతారు. ముప్పంతా కపితో. మన రొయ్యపొట్టులాంటి బుల్లి రొయ్యలకి ఉప్పు కలిపి, ఎండబెట్టి, దంచి, ఊరేస్తే వచ్చే ముద్ద అది. ఊదా కలిసిన మట్టి రంగు. డబ్బా మూత తీస్తే హార్బర్ పక్కన ఎండుచేపలు ఆరబోసిన చోట నిలబడినట్టే ఉంటుంది. కానీ కూరలో పడ్డాక ఆ వాసన తెలియదు. కొబ్బరిపాలు, నిమ్మగడ్డి, నిమ్మాకుల కింద దాక్కుంటుంది. గ్రీన్ కర్రీ, రెడ్ కర్రీ, పనాంగ్ కర్రీ, వీటికి ముద్ద నూరేటప్పుడే కపి కూడా రోట్లో పడుతుంది.

పప్పుచారులో ఏమేశావని ఎవరైనా అడిగితే మనం కందిపప్పు, చింతపండు, ములక్కాడ అంటాం. ఇంగువ పేరెత్తం. వెయ్యకా కాదు, దాచడానికీ కాదు. అది మన లెక్కలోకి రాదు, అంతే. థాయి వంటామెకి కపి అలాంటిది. ‘ఇందులో రొయ్యలున్నాయా’ అంటే ‘లేవు’ అంటుంది. అబద్ధమాడినట్టు కాదు, ఆమె లెక్కలో నిజంగానే లేవు. అందుకని రొయ్య పేరు పెట్టి అడక్కండి. కపి వేశారా, ఎండు రొయ్యలు వేశారా, ఏ నూనెలో వేయించారు అని విడివిడిగా అడగండి. ఇంకా మంచిది, అవునూ కాదూ అనే వీలు లేకుండా ‘ఇందులో ఏమేం వేస్తారు’ అనడం.

మీ వెజిటేరియన్ ప్రశ్నకీ జవాబు ఇదే. మెనూలో వెజిటబుల్ గ్రీన్ కర్రీ అని ఉంటే చాలాచోట్ల దానర్థం మాంసం బదులు కూరగాయ ముక్కలు వేశారని. ముద్ద మాత్రం అందరిదీ ఒకటే. మన శాకాహారులు ఎంతమంది తెలియక కపి తినొచ్చారో, వాళ్లకి ఇప్పుడు చెప్పి ఏం లాభం.

ఎండు రొయ్యల్ని కుంగ్ హేంగ్ అంటారు. ప్యాడ్ థాయ్‌లో ఇవి మామూలే, చికెన్ ప్యాడ్ థాయ్ అడిగినా సరే. టామ్ యమ్ సూప్ చికెన్‌తో చేసినా అందులో నామ్ ప్రిక్ పావ్ అనే కాల్చిన మిరపకాయల ముద్ద వేస్తుంటారు, ఆ ముద్దలోనూ ఎండు రొయ్యలుంటాయి. బొప్పాయి కాయ తురిమి చేసే సోమ్ తమ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆ బండి దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూశాను. పొడవాటి మట్టి రోలు, చెక్క రోకలి. వెల్లుల్లి, పచ్చిమిరప చితక్కొట్టింది. తాటిబెల్లం, నిమ్మరసం, ఫిష్ సాస్, చిక్కుళ్లు, టమాటా, వేయించిన వేరుశనగ గుళ్లు, గుప్పెడు ఎండు రొయ్యలు, ఆపైన బొప్పాయి. ఒక చేత్తో దంచుతూ, రెండో చేత్తో గరిటె పెట్టి తిరగేస్తూ. పళ్లెంలోకి తోడేసి, రోట్లో కాసిని నీళ్లు తిప్పి పారబోసి, తర్వాతి మనిషికి మళ్లీ అదే రోలు. అక్కడ ‘నాకు రొయ్యలు వెయ్యొద్దు’ అనడం గాలికి చెప్పుకోవడమే. చూసినంతసేపూ నోరూరింది, తినలేదు, తినను.

విశాఖ మనిషి కాబట్టి మీకు ప్రత్యేకంగా ఇంకో సంగతి. బీచ్ రోడ్డులో ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు తిని పెరిగినవాళ్లం. అక్కడా పుల్ల మామిడి ముక్కలు అమ్ముతారు, పక్కన చిన్న సంచిలో చిక్కటి గోధుమరంగు పాకం ఇస్తారు. బెల్లం పాకంలా కనిపిస్తుంది. దాని పేరు నామ్ ప్లా వాన్, తీపి ఫిష్ సాస్. అందులో ఉల్లిపాయ తరుగుతో పాటు ఎండు రొయ్యలు వేస్తారు. ఇలాంటిదే కపితో చేసేదీ ఒకటుంది. పండ్ల బండి దగ్గర ఎవరికైనా అనుమానం వస్తుందా? నాకూ రాలేదు. వేలు ముంచబోతుంటే నారింజ రంగు తునక ఒకటి పైకి తేలింది, అది చూసి ఆగాను. ముక్కలు ఉత్తవే అడగండి, ఉప్పూకారం పొట్లం మన ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

ఫిష్ సాస్ అడిగారు. నామ్ ప్లా అంటారు, నెత్తళ్లలాంటి చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరేసి దించిన రసం. చేప పడకపోవడానికి కారణమయ్యే ప్రోటీన్ వేరు, రొయ్యది వేరు. మీరు ఇంట్లో చేప తింటున్నారు కాబట్టి ఫిష్ సాస్ మాత్రమే అయితే మీకు ఇబ్బంది ఉండకూడదు. సీసా వెనక చేప, ఉప్పు, పంచదార తప్ప ఇంకేమీ లేదని చూసుకోండి. ఆయిస్టర్ సాస్ సంగతి వేరు. గుల్లల్లో ఉండే జీవులు రొయ్య జాతి కావు గానీ, రొయ్య పడనివాళ్లలో కొందరికి అవీ పడవు. అక్కడి వేపుళ్లలో ఈ సాస్ విపరీతంగా వాడతారు. మీకు పడుతుందో లేదో ఇక్కడే, ఈ నెలలోనే తేల్చుకోండి. అలర్జీ డాక్టర్ దగ్గర చర్మం మీద చుక్కలు వేసి గుచ్చే పరీక్ష ఉంటుంది. రొయ్య, పీత, గుల్లలు, స్క్విడ్ విడివిడిగా అడగండి. పరీక్షకి కొన్ని రోజుల ముందు నుంచే సెట్రిజిన్ లాంటివి ఆపాలి, ఎన్నాళ్లో ఆయన్నే అడగండి. ఒక్క రక్తం చుక్కతో రెండొందల పదార్థాలు తేల్చేస్తామని కొన్ని ల్యాబులు ఐజీజీ పరీక్ష ప్యాకేజీలు అమ్ముతుంటాయి. అలర్జీ తేల్చడానికి అవి పనికిరావు. నేనొకసారి చేయించుకుంటే పాలు, గోధుమ, అరటిపండు మానెయ్యమని వచ్చింది. రొయ్య మాత్రం నిక్షేపంగా తినొచ్చట!

మరి ఏం తినాలి? నా సూత్రం ఒకటే, ఒకే వంటకం అమ్మే కొట్టు వెతుక్కోండి. అన్నీ వండే చోట పెనం ఒకటే, నూనె ఒకటే. ఒకే వంటకం చేసేచోట రొయ్య రావడానికి దారులు తక్కువ. ఖావ్ మన్ గాయ్ అలాంటిది. ఉడికించిన కోడి, ఆ కోడినీళ్లలోనే వండిన అన్నం, అల్లం-మిర్చి-సోయా చట్నీ. కొట్టు ముందు అద్దాల పెట్టెలో తోలుతో సహా కోళ్లు వేలాడుతుంటాయి, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. కారం తినే మన నాలుకకి మొదటి ముద్ద చప్పగా ఉంటుంది, చట్నీ తగిలాక దారిలోకి వస్తుంది. నేను నాలుగు రోజులు మధ్యాహ్నం అదే తిన్నాను. చట్నీలో ఏమున్నాయో అడిగే తిన్నాను. బొగ్గుల మీద కాల్చిన కోడి, గాయ్ యాంగ్, జిగురన్నంతో బాగుంటుంది, కాకపోతే ముందు దేంట్లో నానబెట్టారో అడగండి, పక్కన అదే పొయ్యి మీద రొయ్యలు కాలుస్తుంటే వద్దు. మామిడిపండు, జిగురన్నం, కొబ్బరిపాలు కలిపి ఇచ్చేది చాలావరకు భయం లేకుండా తినదగ్గది. దసరాకి మామిడి అంత బాగుండదేమో గానీ కొబ్బరిపాలతో ఆ లోటు తెలియదు.

దసరాకి వెళ్తున్నారు కాబట్టి ఇంకో మంచి దారి ఉంది. ‘జే’ తిండి. చైనా మూలాలున్న థాయి వాళ్లు పాటించే నియమం అది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు, పాల సంగతి తప్పిస్తే మన కార్తీకమాసం వంటలాగ. కపి, ఫిష్ సాస్ రెండూ వాడరు. కొట్టు ముందు పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉంటుంది. ఆ అక్షరం ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి. చైనా పంచాంగం ప్రకారం తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులూ ఈ జే పండగ, ఫుకెట్‌లో చాలా పెద్దగా చేస్తారు. చాలా ఏళ్లు అది మన నవరాత్రులతోనే కలిసొస్తుంది. 2024లో అలాగే కలిసింది. 2025లో మాత్రం వాళ్లకి అధికమాసం వచ్చి మన దసరా అయ్యాక దాదాపు మూడు వారాలకి జరిగింది. మీ తేదీలు ఒకసారి సరిచూసుకోండి. కలిస్తే ఫుకెట్ పాత ఊళ్లో వీధుల పొడుగునా పసుపు జెండాలే. అయినా ఒక్క జాగ్రత్త. జే మాత్రమే వండే కొట్టు వేరు, మామూలు హోటల్లో జే వంటకం వేరు. రెండోదాంట్లో మళ్లీ ఆ పెనం బెడద ఉంటుంది.

అడగడం ఎలా? రెండు ముక్కలు నేర్చుకోండి. ‘పే కుంగ్ ఖా’, రొయ్య పడదండీ. ‘మై సై కపి ఖా’, కపి వెయ్యకండి. ‘ఖా’ ఆడవాళ్లు చివర చేర్చే మర్యాద మాట, మీవారు అనాలంటే ‘ఖ్రప్’. కానీ థాయిలో స్వరం మారితే అర్థం మారిపోతుంది, మన నోటిని నమ్ముకుని ప్రాణం పెట్టలేం. కార్డు రాయించుకోండి, థాయి లిపిలో, పెద్ద అక్షరాలతో. ఫోన్ అనువాదంతో మొదలుపెట్టినా, బ్యాంకాక్‌లో దిగగానే హోటల్ రిసెప్షన్‌లో చదివించి తప్పులు దిద్దించుకోండి. నా కార్డులో ఉన్నది ఇది: ‘నాకు రొయ్య, పీత జాతివి ఏవీ పడవు. కొంచెం తిన్నా ఊపిరాడక ప్రాణం పోవచ్చు. రొయ్యలు, ఎండు రొయ్యలు, కపి, నామ్ ప్రిక్ పావ్, ఆయిస్టర్ సాస్ వద్దు. వాటిని వండిన నూనె, పెనం, రోలు కూడా వాడొద్దు. కుదరకపోతే చెప్పండి, నేనేమీ అనుకోను.’

ఆ చివరి వాక్యం వదిలెయ్యకండి. థాయి వాళ్లకి క్రెంగ్ జాయ్ అని ఒకటుంది, మన మొహమాటానికి అన్నదమ్ముడు. ఎదుటి మనిషిని కాదనలేక నవ్వుతూ ‘కెన్, కెన్’ అనేస్తారు. పెళ్లిలో వడ్డించేవాడు మీతో ‘ఏం కాదమ్మా, తినండి’ అన్నట్టే. కాదనడానికి మనమే దారి ఇవ్వాలి. కార్డు చదవకుండా తలూపితే లేచొచ్చెయ్యండి. చదివి, లోపలికెళ్లి వంటవాడికి చూపించి, వచ్చి ‘ఇది వద్దు, అది తినండి’ అన్న చోట కూర్చోండి. నాకు బ్యాంకాక్‌లో ఒకామె కార్డు చదివి, రెండు చేతులూ అడ్డంగా ఊపి పక్క కొట్టు చూపించింది. ఆ పక్క కొట్లోనే మూడు రోజులు తిన్నాను.

సెట్రిజిన్ దగ్గరికొద్దాం. చాలదు. అది దద్దుర్లు, దురద తగ్గిస్తుంది. గొంతు మూసుకుపోవడాన్నీ బీపీ పడిపోవడాన్నీ ఆపలేదు. మీకు కిందటేడు వచ్చింది చర్మం దాటిన రియాక్షన్, దానికి మందు అడ్రినలిన్. బయటి దేశాల్లో పెన్నులా ఉండే ఆటో ఇంజెక్టర్ వాడతారు. మన మందుల షాపుల్లో అది సులువుగా దొరకదు, అందుకే డాక్టర్లు ఆంపూల్ (మందు నింపిన చిన్న గాజు బుడ్డి), సిరంజి రాసిచ్చి వాడకం నేర్పుతారు. 1 మి.లీ. ఆంపూల్‌లో 1 మి.గ్రా. ఉంటుంది, పెద్దవాళ్లకి ఒకసారికి మామూలుగా అందులో సగం మించదు. మీ మోతాదు మీ డాక్టర్ చేత అంకె వేయించుకుని పెట్టె మీద అంటించండి. గుచ్చేది తొడ బయటి పక్క కండలోకి, నరంలోకి కాదు. నేర్చుకోవాల్సింది ముఖ్యంగా మీవారు, ఎందుకంటే ఆ సమయానికి మీ చేతులు వణుకుతుంటాయి. ఉప్మా ప్యాకెట్ల మీద పెట్టిన శ్రద్ధ దీని మీద పెట్టమనండి. ఉత్త నీళ్లు ఎక్కించి బత్తాయి మీద పదిసార్లు చేస్తే చెయ్యి కుదురుతుంది.

ఎప్పుడు చెయ్యాలి? ఊపిరి ఇబ్బందో, గొంతు మారడమో, కళ్లు తిరగడమో వస్తే దద్దుర్లు లేకపోయినా వెంటనే. దద్దుర్లతో పాటు వాంతులు తోడైనా వెంటనే. ‘ఇంకాసేపు చూద్దాం’ అనే మాట వద్దు. చేశాక పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి, ఊపిరాడకపోతే కూర్చోబెట్టొచ్చు గానీ లేపి ట్యాక్సీ దాకా నడిపించకూడదు. అయిదు నుంచి పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే రెండో డోసు, అందుకే ఒకటి కాదు, రెండు పట్టుకెళ్లాలి. తగ్గినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు. థాయిలాండ్‌లో అంబులెన్స్ నంబరు 1669, టూరిస్ట్ పోలీసు 1155. రెండూ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. మందు చేతిసంచిలో, డాక్టర్ చీటీతో పాటు. చెకిన్ లగేజీలో వద్దు, బీచ్‌లో ఎండలో వదలొద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు అలర్జీ ఉందని దాచకుండా రాయండి, ముందే ఉన్న జబ్బులకి డబ్బు ఇస్తారో లేదో ఆ క్లాజు చదవండి.

ఇప్పుడు ఆ ప్యాకెట్ల పని. విమానంలో అవే తినండి. ఫుకెట్ నుంచి ఫీ ఫీ దీవులకి పడవ ఎక్కే రోజు కూడా అవే. మధ్యాహ్నం అక్కడ బఫే పెడతారు, రొయ్య వడియాల గరిటె అన్నంలోకి, అన్నం గరిటె కూరలోకి తిరుగుతుంటుంది. ఏదైనా అయితే పెద్ద ఆసుపత్రికీ మీకూ మధ్య సముద్రం. కొత్త వంటకం రుచి చూడాలంటే ఊళ్లో ఉన్న రోజు, పగటి పూట, మొదట రెండు ముద్దలు. టూర్ వాళ్లు పెట్టే ఇండియన్ బఫే అయినా సరే, గరిటెల సంగతి గరిటెలదే. సీఫుడ్ ఆవిరి పట్టే బళ్ల వరసలో కూర్చోకండి, ఆ ఆవిరి పీల్చినా కొందరికి ఇబ్బంది అవుతుంది.

మీ బాబు సంగతి. వాడు రొయ్యలు హాయిగా తింటున్నాడు కాబట్టి పరీక్షలూ అక్కర్లేదు, మీ కోసం మాన్పించనూ అక్కర్లేదు. వాళ్ల నాన్నతో వేరే బల్ల దగ్గర తిననివ్వండి. వాడి చెంచా, వాడి గ్లాసు మీరు ముట్టొద్దు. తిన్నాక చేతులూ మూతీ సబ్బుతో కడిగించండి. శానిటైజర్‌కి సూక్ష్మజీవులు చస్తాయి గానీ రొయ్య పోదు, నూనె చేతుల మీద పరుచుకుంటుంది, అంతే. ఏడేళ్లవాడు తిన్న వెంటనే అమ్మ మెడకే వేలాడతాడు, అందుకే చిన్న సబ్బుబిళ్ల మీవారి జేబులో ఉండాలి, మీ సంచిలో కాదు.